సున్నా బై సున్నా: ఎటు నుంచి వచ్చావు?

మా ఊళ్ళో అడ్రసులు భిన్నాల్లా ఉంటాయి. గుంటూరు బ్రాడీపేటలో మీ ఇల్లెక్కడ అంటే "నాలుగు బై పద్నాలుగు" అంటారు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని అర్థం. నేను లెక్కల పుస్తకం కన్నా ముందు ఉత్తరాల మీదే భిన్నాలు చూశాను. అందుకేనేమో, ఇంటర్‌లో మొదటిసారి బోర్డు మీద సున్నా బై సున్నా కనిపించినప్పుడు, ఇదెవరి ఇల్లో, ఏ లైన్లో నుంచి వెళ్ళాలో అనిపించింది. ఆ మాట పక్కవాడితో అని తిట్లు కూడా తిన్నాను. ఇప్పుడాలోచిస్తే ఆ రోజు క్లాసులో అంతకన్నా తెలివైన మాట నేనింకేదీ అనలేదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల మా మేనకోడలు విజయవాడ హాస్టల్ నుంచి ఔటింగ్‌కి ఇంటికొచ్చింది. ఇంటర్ ఎంపీసీ. బ్యాగులో ఉతకాల్సిన బట్టల కన్నా ప్రాక్టీస్ షీట్లే ఎక్కువున్నాయి. అన్నం తింటూ అడిగింది.

"మావయ్యా, లిమిట్ లెక్కలో జీరో బై జీరో వస్తే ఎల్-హాస్పిటల్ రూల్ వెయ్యాలి. వన్ బై జీరో వస్తే వెయ్యకూడదు. రెండింట్లోనూ కింద జీరోయే కదా, తేడా ఏంటి?"

"మీ సార్‌ని అడగలేదా?"

"అడిగా. మొత్తం ఏడు ఫామ్స్, బట్టీ పట్టెయ్, అందులో ఉంటే ఇన్‌డిటర్మినేట్, లేకపోతే కాదు అన్నారు."

పాతికేళ్ళ క్రితం అదే విజయవాడలో, ఇంకో కాలేజీలో, నేనూ ఇదే అడిగాను. జవాబూ ఇదే వచ్చింది. కాకపోతే మా సారు చివర్లో "ఎంసెట్‌లో ఎందుకు అని బిట్టు రాదు నాయనా" అని ఒక ముక్క కలిపారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ జవాబు మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఆ ఏడూ అబద్ధమని నేననను. సున్నా బై సున్నా, అనంతం బై అనంతం, సున్నా ఇంటూ అనంతం, అనంతం మైనస్ అనంతం, సున్నా పవర్ సున్నా, అనంతం పవర్ సున్నా, ఒకటి పవర్ అనంతం. జాబితా సరైనదే. కానీ దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పించడం వల్ల పిల్లలకి ఒక తప్పు నమ్మకం పాతుకుపోతోంది: ఇన్‌డిటర్మినేట్ అంటే జవాబు లేనిదని, లెక్క పాడైపోయిందని, ఆసుపత్రికి తీసుకెళ్ళాలని. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. జవాబు ఉండొచ్చు, చాలాసార్లు ఉంటుంది కూడా. మనం చేతిలో పట్టుకున్న ముక్కలో మాత్రం అది లేదు, ఎందుకంటే ఆ ముక్క రాసేటప్పుడు మనమే దాన్ని చెరిపేశాం.

మేనకోడలికి చెప్పింది ఇదీ. భాగహారం అంటే ఏమిటి? 12 బై 3 అంటే, 3తో ఏది గుణిస్తే 12 వస్తుందో అది. సరే, 6 బై సున్నా? సున్నాతో ఏది గుణిస్తే 6 వస్తుంది? ఏదీ రాదు. ఇప్పుడు సున్నా బై సున్నా. సున్నాతో ఏది గుణిస్తే సున్నా వస్తుంది? ఏదైనా వస్తుంది. 4 పెట్టు, మైనస్ 17 పెట్టు, ఫోన్ నంబరు పెట్టు. ఒక ఉద్యోగానికి అర్హుడు ఒక్కడూ దొరక్కపోవడం వేరు, ఊరంతా అర్హులే కావడం వేరు. రెండు సందర్భాల్లోనూ పోస్టు ఖాళీగానే ఉంటుంది. కానీ రెండోదాంట్లో ఇంకొక్క సమాచారం దొరికితే భర్తీ అవుతుంది. మొదటిదాంట్లో ఏం దొరికినా కాదు. అవధుల (లిమిట్స్) భాషలో, అంటే విలువ దేనికి దగ్గరవుతోందో చూసే భాషలో చెప్పాలంటే, పైది 6కి, కిందది సున్నాకి దగ్గరవుతుంటే ఆ భిన్నం హద్దు లేకుండా పెరగొచ్చు, కింది వైపు అలాగే పడిపోవచ్చు, రెండు వైపులకీ కొట్టుకోవచ్చు. ఒక మామూలు అంకె దగ్గర మాత్రం ఎప్పటికీ కుదురుకోదు. సున్నా బై సున్నా ఎక్కడైనా కుదురుకోవచ్చు.

ఎక్కడ కుదురుకుంటుందో తెలియాలంటే అక్కడికి ఎలా వచ్చిందో చూడాలి. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ 4, కింద ఎక్స్ మైనస్ 2 ఉన్న భిన్నం తీసుకోండి. ఎక్స్ దగ్గర సరాసరి 2 పెడితే సున్నా బై సున్నా. 2.1 పెడితే 4.1. 2.01 పెడితే 4.01. 2.001 పెడితే 4.001. ఎటు పోతోందో వేరే చెప్పక్కర్లేదు. 2 పెట్టిన క్షణాన ఈ నడకంతా చెరిగిపోయి రెండు సున్నాలు మిగిలాయి, అంతే.

ఇదేదో పరీక్షల కోసం పుట్టించిన లెక్క అనుకుంటారు కాబట్టి ఇంకో సంగతి. విజయవాడలో బస్సెక్కి గుంటూరు వస్తుంటే మంగళగిరి దాటాక డ్రైవరు ముందున్న ముల్లు 60 చూపిస్తుంది. ఆ క్షణంలో వేగం అది. క్షణంలో బస్సు ఎంత దూరం వెళ్ళింది? సున్నా. ఎంత సమయం పట్టింది? సున్నా. దూరం బై సమయం అంటే సున్నా బై సున్నా. అయినా వేగం 60, పోలీసు ఆపితే ఫైన్ కూడా నిజమే. న్యూటన్, లైబ్నిజ్ కాలం నుంచి అవకలనమంతా, అంటే డిఫరెన్షియేషనంతా, ఈ ఒక్క పని మీదే నిలబడింది: వచ్చిన దారి చూసి సున్నా బై సున్నాకి విలువ కట్టడం. పిల్లలకి దీన్ని మాత్రం 'సమస్యాత్మక రూపం' అని పరిచయం చేస్తాం.

ఈ చిక్కు మనవాళ్ళకి కొత్త కాదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అనేశాడు. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే అది మారదన్నాడు. మన పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఆ మహావీరుడి గణితాన్నే. ఇద్దరూ మహానుభావులే, ఈ విషయంలో ఇద్దరిదీ తప్పే. ఆ మాట అంటే కొందరికి కోపం వస్తుంది కానీ, సున్నాతో కుస్తీ పట్టడానికి ముందుకొచ్చినవాళ్ళు జారిపడటంలో అవమానమేం లేదు.

నాకు అబ్బురంగా అనిపించేది 1150 నాటి భాస్కరాచార్యుడు. 'లీలావతి'లో ఒక లెక్క ఉంది. ఒక సంఖ్యని సున్నాతో గుణించు. వచ్చినదానికి దానిలో సగం కలుపు. మూడుతో గుణించు. సున్నాతో భాగించు. 63 వచ్చింది. ఆ సంఖ్య ఏది?

మొదటి మెట్టులోనే సున్నాతో గుణించి సున్నా అని రాసేశామా, కథ కంచికి. సగం కలిపినా సున్నా, మూడుతో గుణించినా సున్నా, చివరికి సున్నా బై సున్నా. అది 63 ఎలా అయిందో బ్రహ్మకి కూడా తెలియదు. భాస్కరుడు అలా రాయొద్దంటాడు. ఇంకా చెయ్యాల్సిన పని మిగిలి ఉంటే, సున్నాతో గుణించినదాన్ని అప్పుడే సున్నా చేసెయ్యకుండా 'ఖగుణం' అని పక్కన పెట్టుకోమంటాడు. ఖ అంటే ఆకాశం, అంటే సున్నా. తర్వాత మళ్ళీ సున్నాతో భాగించాల్సి వస్తే, పాత రాశి ఏ మార్పూ లేకుండా తిరిగొచ్చినట్టు లెక్క. అలా చేస్తే సంఖ్యా దాని సగమూ కలిపి ఒకటిన్నర రెట్లు, మూడుతో గుణిస్తే నాలుగున్నర రెట్లు, అది 63 అయితే సంఖ్య 14.

ఇది చూపించి "కలనగణితం మనమే కనిపెట్టాం" అని ఊగిపోయేవాళ్ళతో నేను లేను. భాస్కరుడి సున్నా నిజంగా సున్నానా, సున్నాకి దగ్గరవుతున్న చిన్న రాశా అన్న తేడా ఆ లెక్కలో తేలలేదు. అది తేలడానికి 19వ శతాబ్దంలో కోషీ, వయర్‌స్ట్రాస్ రావాల్సి వచ్చింది. కానీ 'అప్పుడే చెరపొద్దు, ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో రాసిపెట్టుకో' అన్న జాగ్రత్త ఉంది చూశారూ, ఏడు ఫామ్స్ బట్టీ పట్టించే షీట్లలో నాకు కనిపించనిది అదే.

కంప్యూటర్లకి ఆ జాగ్రత్త తెలియదు, పాపం. నా ఉద్యోగం వాటితోనే. దశాంశ బిందువున్న సంఖ్యలతో కంప్యూటర్ ఎలా లెక్క చెయ్యాలో చెప్పే ఐ ట్రిపుల్ ఈ 754 అనే ప్రమాణం 1985లో వచ్చింది. దాని ప్రకారం ఒకటి బై సున్నా అంటే ఇన్ఫినిటీ. సున్నా బై సున్నా అంటే 'నాట్ ఎ నంబర్', అంటే ఇది సంఖ్య కాదు పొమ్మని. దానికి చివరికి మిగిలిన రెండు సున్నాలే తెలుసు, వాటి వెనక నడక తెలియదు. తెలియనప్పుడు తెలియదనడమే మర్యాద. మా మేనకోడలు అడిగిన తేడాని ఆ యంత్రం కూడా పాటిస్తుంది.

ఇక అనంతం సంగతి. క్లాసులో 'ఎక్స్ టెండ్స్ టు ఇన్ఫినిటీ' అన్నది ఒకే మాటలా గుక్క తిప్పుకోకుండా అనేస్తాం. దాంతో ఎక్స్ బయల్దేరి ఎక్కడికో వెళ్తోందని, అక్కడ ఇన్ఫినిటీ అనే ఊరుందని బొమ్మ పడిపోతుంది. అనంతం అంటే అనంతపురం కాదు, బస్సెక్కితే తెల్లారేసరికి దింపడానికి. అవధుల్లో అనంతం పేరుకే నామవాచకం, చేసేదంతా క్రియ పని. మీరు ఏ హద్దు గీసినా దాన్ని దాటిపోతుంది, అంతే దానర్థం. జాన్ వాలిస్ 1655లో పడుకున్న ఎనిమిదిలాంటి గుర్తు పెట్టాక, గుర్తుంది కాబట్టి అదీ ఒక అంకే అనుకుని కూడికలూ తీసివేతలూ మొదలెట్టేస్తాం. గణితజ్ఞుడు కాంటర్ సమితుల పరిమాణాలు కొలిచిన అనంతాలు వేరు, అక్కడ చిన్న అనంతం, పెద్ద అనంతం ఉంటాయి, వాటి లెక్కలు వాటికున్నాయి. అది ఇంకో రోజు మాట్లాడుకోవాల్సిన సంగతి.

అనంతం మైనస్ అనంతం ఎంత? ఈ ప్రశ్న ఏ పెళ్ళిలోనో పంక్తి భోజనాల దగ్గర అడిగి చూడండి, ఒక పెద్దాయన "పూర్ణమదః పూర్ణమిదం" ఎత్తుకుంటారు. పూర్ణం నుంచి పూర్ణం తీసేసినా పూర్ణమే మిగులుతుంది, ఉపనిషత్తు ఎప్పుడో చెప్పింది కదా అంటారు. శ్లోకం మీద నాకు గౌరవమే. కానీ అది బ్రహ్మం గురించి చెప్పిన మాట, తీసివేత సూత్రం కాదు. 1, 2, 3 అంటూ పోయే సంఖ్యల్లోంచి సరిసంఖ్యలన్నీ తీసెయ్యండి. అనంతంగా తీశారు, అనంతంగానే మిగిలాయి, పెద్దాయన గెలిచారు. ఇప్పుడు 10 దాటినవన్నీ తీసెయ్యండి. ఈసారీ అనంతంగానే తీశారు, మిగిలింది పదే. మొత్తం తీసేస్తే ఏమీ మిగల్లేదు. ఏవి తీశామో చెప్పకుండా ఎన్ని మిగిలాయో చెప్పడం ఎవరి తరం?

విజయవాడవాళ్ళకైతే దీనికి లెక్కల పుస్తకం అక్కర్లేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. ఆ రెండ్రోజులూ మేమంతా టీవీలో ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అంకెలే చూస్తూ కూర్చున్నాం. "పైనుంచి విపరీతంగా వస్తోంది, కిందికి విపరీతంగా వదుల్తున్నారు" అంటే నీళ్ళు పెరుగుతున్నట్టా తగ్గుతున్నట్టా? ఆ మాటలో జవాబు లేదు. రెండు విపరీతాల మధ్య తేడా కావాలి. అది పదివేలా, సున్నానా, ఎటువైపు? కృష్ణలంకలో ఉన్న మా పిన్ని ఆ రాత్రి ఫోన్లో పదేపదే అడిగింది అదే. ఆవిడ లిమిట్స్ చదువుకోలేదు.

అనంతం బై అనంతం కూడా ఇలాంటిదే, అయితే అది పరుగుపందెం. వంద ఎక్స్‌లని కలిపి గుణించినది, అంటే ఎక్స్ పవర్ 100 ఒకటి, 2 పవర్ ఎక్స్ ఒకటి. ఎవరు గెలుస్తారు? ఎక్స్ 100 దగ్గర మొదటిది ఒకటి పక్కన 200 సున్నాలు, రెండోది 31 అంకెల సంఖ్య. రెండోది పందెంలోనే లేదనిపిస్తుంది. ఎక్స్ 1,000 దగ్గర చూడండి. మొదటిది ఒకటి పక్కన 300 సున్నాలు, అంటే 301 అంకెలు. రెండోదానికి 302 అంకెలు. దాటేసింది, ఇక వెనక్కి చూడదు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే అవధి సున్నా. రెండూ అనంతానికే పోతాయి, పోవడంలో ఉంది మర్మం.

ఏడింట్లో పిల్లలు అస్సలు నమ్మనిది ఒకటి పవర్ అనంతం. ఒకటిని ఎన్నిసార్లు గుణించినా ఒకటే కదా, దీన్లో డౌటేంటి అంటారు. నిజమే, అక్కడున్నది అచ్చంగా ఒకటే అయితే. అవధిలో ఉన్నది ఒకటి కాదు, ఒకటికి దగ్గరవుతున్నది. ఆ పిసరంత తేడాని ఎన్నో సార్లు గుణిస్తున్నాం. తేడా ముందు చచ్చిపోతుందా, గుణకారాలు దాన్ని ముందు లేపి నిలబెడతాయా?

ఇది మా అమ్మకి చెప్తే వెంటనే అర్థమైంది, ఎందుకంటే వడ్డీ భాషలో చెప్పాను. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24. లక్ష ఇచ్చి ఏడాదికొకసారి వడ్డీ కలిపితే 1,24,000. నెలనెలా చక్రవడ్డీ వేస్తే 1,26,824. రోజూ వేస్తే దాదాపు 1,27,115. గంటగంటకీ, క్షణక్షణానికీ వేస్తూ పోతే? ఒకసారి వడ్డీ వేసినప్పటికీ ఇంకోసారికీ మధ్య లక్ష పెరిగేది అతి స్వల్పం, గుణకం ఒకటికి దగ్గరైపోతుంది. వేసే సార్లు మాత్రం హద్దు లేకుండా పెరుగుతాయి. అచ్చంగా ఒకటి పవర్ అనంతం. ఫలితం లక్ష దగ్గరా ఆగదు, కోట్లకీ పోదు. 1,27,125 దగ్గర ఆగిపోతుంది. 17వ శతాబ్దం చివర్లో యాకోబ్ బెర్నూలీ ఇలాంటి వడ్డీ లెక్క మీద కూర్చునే 2.718 దగ్గర మొదలయ్యే 'ఈ' (e) అనే సంఖ్య చుట్టూ తిరిగాడు. "అంటే క్షణక్షణానికీ వేసినా నెలవడ్డీ మీద మూడొందలే ఎక్కువా, దానికింత గొడవా" అంది అమ్మ.

ఆ యాకోబ్ తమ్ముడు యోహాన్ బెర్నూలీ. మన పిల్లలు ఎల్-హాస్పిటల్ అని పిలిచే సూత్రం నిజానికి కనుక్కున్నది ఇతను. లోపిటాల్ అనే ఫ్రెంచి ప్రభువు ఇతనికి ఏడాదికి 300 లీవ్రులు ఇచ్చే ఒప్పందం చేసుకుని, కనుక్కున్నవి తనకే చెప్పమని, 1696లో పుస్తకం వేశాడు. సూత్రానికి డబ్బిచ్చినవాడి పేరే నిలిచింది. ఫీజు కట్టి షార్ట్‌కట్ కొనుక్కునే అలవాటు ఆ సూత్రం పుట్టుకలోనే ఉందని నేను సరదాకి అంటుంటాను.

సూత్రం మంచిదే. పైదాన్నీ కిందదాన్నీ విడివిడిగా అవకలనం చేసి భాగించు అంటుంది, అంటే రెండూ ఎంత వేగంగా సున్నాకి పోతున్నాయో పోల్చమంటుంది. చెరిగిపోయిన నడకని తిరిగి రాబట్టడమే ఇది. ఆ మాట చెప్పి నేర్పితే నాకే పేచీ లేదు. చెప్పకుండా నేర్పితే ఏమవుతుందంటే, పైన ఎక్స్, కింద రూట్ లోపల ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1 ఇచ్చి అనంతం దగ్గర అవధి అడగండి. ఎల్-హాస్పిటల్ వేస్తే భిన్నం తలకిందులవుతుంది. మళ్ళీ వేస్తే మొదటికొస్తుంది. గానుగెద్దులా సాయంత్రం దాకా తిరగొచ్చు. పైనా కిందా ఎక్స్‌తో భాగించి చూస్తే ఒక్క లైన్లో ఒకటి. సున్నా దగ్గర సైన్ ఎక్స్ బై ఎక్స్‌కి ఈ సూత్రం వాడటం ఇంకో తమాషా. సైన్ అవకలజం (డెరివేటివ్) కాస్ అని నిరూపించడానికే ఆ అవధి కావాలి. చీటీపాటలో ఇద్దరు ఒకరికొకరు షూరిటీ సంతకం పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఇంతా రాసి కాలేజీల పక్షం చెప్పకపోతే అన్యాయం. ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. ఒక్కోదానికి 67న్నర సెకన్లు. అంత సేపట్లో నడకలు చూసుకుంటూ కూర్చుంటే ర్యాంకు నడిచి వెళ్ళిపోతుంది. షార్ట్‌కట్ కావాల్సిందే, నేనూ దాని మీదే సీటు తెచ్చుకున్నాను. అయితే రెండేళ్ళ కోర్సులో 'ఎందుకు'కి ఒక్క పీరియడ్ ఇవ్వలేమా? పైన చెప్పిందంతా నేను మా మేనకోడలికి పెరుగన్నం లోపు చెప్పేశాను.

ఔటింగ్ అయిపోయి వెళ్ళిన రెండు వారాలకి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. వీక్లీ టెస్టులో పైన ఎక్స్ ప్లస్ సైన్ ఎక్స్, కింద ఎక్స్ ఉన్న భిన్నానికి అనంతం దగ్గర అవధి ఇచ్చారట. సైన్ ఎంత ఊగినా మైనస్ ఒకటికీ ప్లస్ ఒకటికీ మధ్యే, ఎక్స్ వెయ్యి అయితే భిన్నం 0.999కీ 1.001కీ మధ్యే ఉంటుంది, కాబట్టి ఒకటి అని పెట్టింది. కీలో 'అవధి లేదు' అని ఉంది. ఎల్-హాస్పిటల్ వేస్తే ఒకటి ప్లస్ కాస్ ఎక్స్ వస్తుంది, అది ఎక్కడా ఆగదు, కాబట్టి అవధి లేదని తయారుచేసినవాళ్ళ లెక్క. అవకలజాల భిన్నానికి అవధి ఉంటేనే ఆ సూత్రం మాట్లాడుతుంది, లేకపోతే నోరు మూసుకుంటుంది. షీటు వేసినవాళ్ళు ఆ మౌనాన్ని జవాబుగా రాసుకున్నారు.

"నెగెటివ్ మార్క్ కూడా పడింది మావయ్యా. నువ్వొచ్చి చెప్తావా?"

వెళ్ళాను. రిసెప్షన్‌లో గంట కూర్చున్నాక ఒక సారు వచ్చి షీటు తీసుకుని "చూస్తాం సార్" అన్నారు. మూడు వారాలైంది. మార్కు ఇంకా కలవలేదు.